పాల ప్యాకెట్ పైపొర, ప్లాస్మా, ఒక పాత ఫైలు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నా తర్వాత డి.ఏ. బకాయిల తీర్మానం, ఆ తర్వాత భోజనాలు ఉన్నాయి కాబట్టి ఇరవై ఒకటో నిమిషం దొరకదని నాకు తెలుసు.

నోటీసులో "ప్లాస్మా" అన్న మాట చూసి ఒక మిత్రుడు రక్తదాన శిబిరం పెడుతున్నారా అని ఫోన్ చేశారు. ఇంకొకరు 2020లో కరోనా రోగులకు ఎక్కించిన ప్లాస్మా సంగతి చెబుతానేమో అనుకున్నారు. దానివల్ల మరణాలు తగ్గలేదని తేలి, 2021 మేలో మన దేశపు చికిత్సా సూచనల్లోంచి దాన్ని తీసేశారు. నేను చెప్పబోయే ప్లాస్మా వేరు. తమాషా ఏమిటంటే, నా ప్రసంగంలో "కరోనా ట్రీట్‌మెంట్" అన్న మాట కూడా వస్తుంది. మన ఫిల్మ్ విభాగంలో పనిచేసిన వారికి అదేమిటో తెలుసు. ఆ జబ్బు పుట్టకముందే మనం రోజూ మూడు షిఫ్టుల్లోనూ కరోనా ట్రీట్‌మెంట్ చేసినవాళ్ళం.

మంచును వేడిచేస్తే నీరు, నీటిని వేడిచేస్తే ఆవిరి అని చిన్నప్పుడు చదువుకున్నాం. వాయువుకు ఇంకా శక్తిని అందిస్తే అణువుల్లోంచి ఎలక్ట్రాన్లు ఊడి బయటపడతాయి. అలా విద్యుదావేశం నిండిన వాయువునే ప్లాస్మా అంటారు. ఆకాశంలో మెరుపు ప్లాస్మాయే, సూర్యుడూ ప్లాస్మాయే. ఎంత వేడికి ఎంత వాయువు ఇలా విడిపోతుందో లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో మన మేఘనాథ్ సాహా ఇచ్చారు. ప్లాస్మా అన్న పేరు పెట్టింది మాత్రం అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో పనిచేసిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, 1928లో. అదే లాంగ్‌మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి వచ్చింది, అదీ ఉపరితల రసాయనశాస్త్రంలో. ప్లాస్మా, పైపొర రెండూ ఒకే మనిషి చేతిలో పెరిగాయన్నమాట. ఇవాళ్టి నా విషయానికి ఆయన్ను మూలపురుషుడు అనవచ్చు.

అంత వేడి ప్లాస్మా తగిలితే ప్లాస్టిక్ కరిగిపోదా అని అడగవచ్చు. మన ఇళ్ళలో వెలిగిన పాత ట్యూబులైటును గుర్తు చేసుకోండి. లోపలి ఎలక్ట్రాన్లు వేల డిగ్రీల వేడిలో ఉంటాయి. వాటితో పోలిస్తే ఎన్నో రెట్లు బరువైన వాయుకణాలు మాత్రం దాదాపు చల్లగానే ఉంటాయి. అందుకే వెలిగే గొట్టం మీద చెయ్యి పెట్టినా కాలదు. దీన్ని చల్లని ప్లాస్మా అంటారు. ప్లాస్టిక్‌ల మీద వాడేది ఇదే.

ఇక పైపొర సంగతి. తామరాకు మీద నీటిబొట్టు సామెత మనకు ఉండనే ఉంది. పాల ప్యాకెట్ తయారయ్యే పాలిథీన్ కూడా అంతే. 1933లో ఇంగ్లండులో అనుకోకుండా దొరికిన పదార్థం అది. నీళ్ళకు, రంగులకు, జిగురుకు దేనికీ అంటదు. శాస్త్రజ్ఞులు ఈ గుణాన్ని డైన్లలో కొలుస్తారు. నీటికి 72, ఏ ట్రీట్‌మెంటూ లేని పాలిథీన్‌కు సుమారు 31. ఆ 31 కనీసం 38కి చేరితే తప్ప సిరా నిలవదు. అందుకని ఫిల్మ్‌ను ఒక రోలరు మీదుగా నడిపి, పైన సన్నటి సందులో వేల వోల్టుల విద్యుత్తు పెడతారు. అక్కడి గాలి చిట్లి ఊదారంగు వెలుగు వస్తుంది. పిడుగు పడ్డాక గాలిలో వచ్చే ఘాటు వాసన, అంటే ఓజోను, ఆ గదిలో ఎప్పుడూ ఉండేది. ఆ వెలుగే చల్లని ప్లాస్మా. అది ఫిల్మ్ పైపొరకు ఆక్సిజన్ పరమాణువులను తగిలిస్తుంది. వాటిని పట్టుకుని సిరా నిలుస్తుంది. మారిన పొర మందం మీటరులో వంద కోట్లో వంతులు ఓ పది, అంతకంటే తక్కువే. మొత్తం ఫిల్మ్ మందంలో అది కొన్ని వేలో వంతు. సిరా నిలిచేదీ, ఊడేదీ ఆ పొర మీదనే.

ఇప్పుడు పాత ఫైలు దగ్గరికి వస్తాను. ఇందులోని వ్యక్తి అనుమతి తీసుకునే చెబుతున్నాను. సంస్థ పేరు, మనుషుల పేర్లు చెప్పను. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

1991 వేసవిలో పాల ప్యాకెట్ల మీది రంగు చేతికి, గిన్నెకు అంటుకుంటోందని ఫిర్యాదులు వచ్చాయి. తడి ట్రేలలో పెట్టిన ప్యాకెట్ల మీద అక్షరాలు చెరిగిపోయాయి. విచారణ జరిగింది. ఫిల్మ్ తయారైన రోజున నేను చేసిన పరీక్షలో 40 డైన్లు వచ్చినట్టు, కింద నా సంతకంతో, రిజిస్టరులో ఉంది. కాబట్టి ఫిల్మ్ మంచిదన్నారు. సిరా డబ్బా కూడా మంచిదన్నారు. ఇక మిగిలింది ప్రింటింగ్ మిషన్ ఆపరేటరు. సిరా సరిగా కలపలేదని, ఆరబెట్టే వేడి తగ్గించాడని తేల్చి ఆయనకు రెండు ఇంక్రిమెంట్లు ఆపారు. అదీ క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో. ఆ మాటకు అర్థం ఈ సభలో నేను విడమరచి చెప్పనక్కరలేదు. అది చివరి జీతంలోకి వస్తుంది, పెన్షన్‌లోకి వస్తుంది, రేపు ఇంటావిడ తీసుకునే ఫ్యామిలీ పెన్షన్‌లోకి కూడా వస్తుంది.

"రోలు పాతది సార్, చేతికి జిడ్డుగా తగులుతోంది" అని ఆయన విచారణలో అన్నాడు. నన్ను అడిగితే రిజిస్టరు చూపించాను. అబద్ధం ఆడలేదు. ఉన్నదే చూపించాను.

చాలా ఏళ్ళ తర్వాత, నేను రిటైరయ్యాక, మా మనవరాలు ఎం.టెక్. ప్రాజెక్టుకు ప్లాస్మా చేసిన పాలిథీన్‌నే తీసుకుంది. ఒక సాయంత్రం తన గ్రాఫులు చూపించింది. ప్లాస్టిక్ మీద నీటిబొట్టు ఎంత కోణంలో నిలబడిందో ఫోటో తీసి కొలుస్తారు. బొట్టు గుండ్రంగా నిలబడితే కోణం ఎక్కువ, పరుచుకుంటే తక్కువ. ప్లాస్మా చేసిన రోజున గీత బాగా కిందికి దిగింది. తర్వాత రోజు రోజుకీ పైకి పాకుతూ పోయింది. "ఇదేమిటమ్మా, ఎక్కింది దిగిపోతోందే?" అన్నాను. "అది మామూలే తాతయ్యా, పైపొర ముసలిదవుతుంది" అంది.

పాలిథీన్ లోపలి పొడవాటి గొలుసులు ఈ మామూలు వేడిలోనే కదులుతూ ఉంటాయి. వాటికి ప్లాస్మా తగిలించిన ఆక్సిజన్ భాగాలు మెల్లగా లోపలికి తిరిగిపోతాయి. దానికితోడు, ఫిల్మ్ పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా తయారీలో కలిపే మైనంలాంటి పదార్థం రోజులు గడిచేకొద్దీ పైకి తేలి ఆ పొరను కప్పేస్తుంది. ఎండ వేడి ఈ రెండు పనులనూ త్వరపెడుతుంది. ఆ రోలు నాలుగు నెలలు మా స్టోరులో, ఆస్‌బెస్టాస్ రేకుల కింద, మన ఎండాకాలంలో ఉంది. తయారైన రోజున 40 ఉన్న మాట నిజమే. ముద్రించిన రోజున ఎంత ఉందో ఎవరూ చూడలేదు. చూడవలసినవాణ్ణి నేనే. మనం బతికే ఉన్నామని ఏటేటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నామే, ఫిల్మ్‌కు కూడా ముద్రణకు ముందు అలాంటిది ఒకటి తీసుకోవాలని అప్పుడు నాకు తట్టలేదు. ఆయన చేతికి తగిలిన జిడ్డు ఆ పైకి తేలిన పదార్థమే.

ఈ ముసలితనాన్ని ఆపడం ఎలాగన్నది ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద పరిశోధన. 1966లోనే అమెరికాలోని బెల్ పరిశోధనాలయం వారు హీలియంలాంటి జడవాయువుల ప్లాస్మాతో పైపొర గొలుసులను ఒకదానికొకటి ముడివేయవచ్చని చూపారు. ముడిపడిన గొలుసు అంత తేలిగ్గా తిరగదు. ఇప్పుడు ప్లాస్మాలోనే ఒక కొత్త పదార్థాన్ని పలుచటి పూతగా పెంచడం, లేదా పైపొర మీద కావలసిన గొలుసులను మొలకల్లా నాటడం చేస్తున్నారు.

మన వయసువాళ్ళకు ఇదంతా ఎక్కడ పనికొస్తుందంటే, ముందుగా మోకాళ్ళలో. ఇక్కడ మోకాలి చిప్ప మార్పిడి చేయించుకున్నవారు ఓ పదిమందైనా ఉంటారు. లోహపు భాగాల మధ్య మెత్తగా జారే ముక్క ఒకటి పెడతారు. అది చాలా పొడుగు గొలుసుల పాలిథీన్, అంటే పాల ప్యాకెట్‌కు పెద్దన్నగారు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలుకు దాన్ని వాడి దారి చూపారు. ఆ ముక్కలను సూక్ష్మజీవులు లేకుండా చేయడానికి గాలిలోనే గామా కిరణాలు పట్టించేవారు. కిరణాలకు గొలుసులు తెగి, ఆ తెగిన చోట్ల మెల్లగా ఆక్సిజన్ చేరి, అలమారలో ఏళ్ళ తరబడి ఉన్న ముక్కలు పెళుసెక్కిపోయాయి. అవి శరీరంలో తొందరగా అరిగిపోతున్నాయని 1990లలో స్పష్టంగా తేలింది. ఆ తర్వాత కొందరు తయారీదారులు గామా బదులు చల్లని వాయు ప్లాస్మాకు మారారు. అది పైపైన శుద్ధి చేస్తుంది, లోపలి గొలుసుల జోలికి పోదు. మరికొందరు గాలి లేకుండా ప్యాక్ చేసి గామా పట్టించారు. అక్కడా తప్పు అలమారలో గడిచిన కాలానిదే. చదివినప్పుడు మా స్టోరు రేకులే కళ్ళముందు కనిపించాయి.

శస్త్రచికిత్స పరికరాల్లో వేడి ఆవిరికి తట్టుకోలేనివి ఉంటాయి. వాటికోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితో, ప్లాస్మాతో పనిచేసే యంత్రాలు 1993 నుంచి అమెరికాలో అనుమతి పొంది వాడుకలోకి వచ్చాయి. పెద్ద ఆసుపత్రుల్లో చూడవచ్చు. మన పిల్లలు పెట్టుకునే సిలికోన్ హైడ్రోజెల్ కాంటాక్ట్ లెన్సులు 1999లో వచ్చాయి. సిలికోన్ కంటికి గాలి బాగా అందిస్తుంది కానీ కన్నీటిని తోసేస్తుంది. అప్పట్లో దాని పైపొరను దారికి తెచ్చింది ప్లాస్మాయే.

చక్కెర జబ్బు ఉన్నవారు ఒక మాట జాగ్రత్తగా వినండి. మానని పుండ్లకు చల్లని ఆర్గాన్ ప్లాస్మా తగిలించే చేతిపరికరానికి 2013లో జర్మనీలో వైద్య పరికరంగా అనుమతి వచ్చింది. చక్కెర జబ్బువారి కాలిపుండ్లు దీనితో కాస్త త్వరగా తగ్గాయని 2020లో వెలువడిన ఒక పరీక్ష చెప్పింది. అది మామూలు చికిత్సకు తోడుగా చేసినదే. కాబట్టి ప్లాస్మా పేరు బోర్డు మీద చూసి డ్రెస్సింగు, మందులు మానేసి పరిగెత్తవద్దు.

మన దేశంలో గాంధీనగర్ దగ్గర భాట్‌లో 1986లో ఏర్పడిన ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు చేసినవాటిలో నాకు నచ్చింది అంగోరా కుందేలు బొచ్చు పని. ఆ బొచ్చు మరీ నునుపు. వడికితే జారిపోతుంది. మామూలు గాలి ఒత్తిడిలోనే ప్లాస్మా తగిలించి దాన్ని కాస్త గరుకు చేశారు. రసాయనాలూ నీళ్ళూ అక్కరలేదు.

ఇప్పుడు ప్రపంచమంతా పట్టుకున్న సమస్య చిప్స్ పొట్లం. నాలుగైదు రకాల పొరలు అతికించి చేస్తారు కాబట్టి దాన్ని మళ్ళీ కరిగించి వాడుకోవడం కష్టం. ఒకే రకం ప్లాస్టిక్ మీద ప్లాస్మాతో గాజులాంటి అతిపలుచని పూత వేసి, గాలి, తేమ ఆపగలిగితే పొరలు తగ్గుతాయి. దీని మీద చాలామంది పనిచేస్తున్నారు. ఖర్చు తగ్గాలి, వంచితే పూత పగలకుండా ఉండాలి. తయారీలో అనుభవం ఉన్నవాణ్ణి కాబట్టి, ప్రయోగశాలలో అంగుళం మీద వచ్చినది కిలోమీటరు ఫిల్మ్ మీద రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను తొందరపడి చెప్పను.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఒక్క విషయం మనవి చేసి దిగిపోతాను.

గ్రాఫు చూసిన మర్నాడే ఆ ఆపరేటరు ఇంటికి వెళ్ళాను. చెప్పాను. కాఫీ తాగేదాకా ఆయన ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడే చెప్పాను కద సార్, చేతికి తెలిసిందని" అన్నారు. వాళ్ళావిడ మాత్రం, "ఈ మాట అప్పుడు అంటే పిల్లాడి కాలేజీ ఫీజుకు అప్పు తప్పేదండీ" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను.

సంస్థకు రాస్తే, గడువు దాటిన ఫైళ్ళు తీసేశామని జవాబు వచ్చింది. నా దగ్గర మాత్రం అప్పటి సొంత నోటుపుస్తకం ఉంది. రోలు నంబరు, తయారైన తేదీ, స్టోరులోంచి బయటికి వచ్చిన తేదీ నా చేతిరాతలో ఉన్నాయి. ఆ పేజీకి, ముద్రణకు ముందు పరీక్ష చేయకపోవడం నా లోపమని రాసి సంతకం పెట్టిన వాంగ్మూలాన్ని జతచేశాను. పెన్షన్ సవరణకు సంఘం తరఫున మళ్ళీ అర్జీ పెట్టవలసిందిగా కోరుతూ ఇవాళ ఈ వేదిక మీదనే కార్యదర్శిగారికి అందజేస్తున్నాను. ఆయన మూడో వరుసలో కూర్చుని ఉన్నారు.