తూనిక ఫోనులో ఉన్నా తూనికే

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్తపై శాంతి, శుభాలు వర్షించుగాక!

విశ్వాసులైన సోదరులారా! ఆటో, క్యాబ్ నడిపి ఇల్లు పోషించుకొనేవారు మన జమాఅత్‌లో ఉన్నారు. యాప్‌లో వాటిని పిలిపించుకొనేవారూ ఉన్నారు. ఇద్దరి నడుమ తక్కెడ పట్టుకున్నది కంపెనీ.

2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. రద్దీ వేళ ఛార్జీ మూల ధరకు రెండింతలు మించరాదు. సొంత వాహనం నడిపే డ్రైవరుకు తన ఛార్జీలో కనీసం 80 శాతం దక్కాలి. వీటిని అమలు పరచవలసినవి రాష్ట్రాలు.

ధరలలో పాలకుల జోక్యం తగునా అని కొందరడుగుతారు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు దైవప్రవక్త (స) ధర నిర్ణయించడానికి సమ్మతించలేదు. అయితే కొరత వలన పెరిగిన ధర వేరు, అన్యాయం వలన పెరిగిన ధర వేరు అని ఇమామ్ ఇబ్నె తైమియా ‘అల్ హిస్బా’లో వివరించారు. ప్రజలకు అన్యాయం జరుగుతుంటే న్యాయమైన ధర నిర్ణయించడం పాలకుల బాధ్యత అన్నారు.

కాని చట్టం కంపెనీకే కాదు. అకారణంగా రైడ్ రద్దు చేస్తే డ్రైవరుకైనా, ప్రయాణికునికైనా ఛార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయల జరిమానా ఉంది. జరిమానా చిన్నదే, పాపం చిన్నది కాదు. రైడ్ అంగీకరించడం ఒప్పందం. సూరా మాయిదా తొలి ఆయత్ ఒప్పందాలను నెరవేర్చమని ఆజ్ఞాపిస్తోంది. ఎక్కువ కిరాయి దొరికిందని ఆసుపత్రికి పోవలసిన వృద్ధురాలిని విడిచిపెట్టడం, వాకిటికి వచ్చిన డ్రైవరును ఉత్తచేతులతో పంపడం రెండూ తూనికలో మోసాలే.

కంపెనీని న్యాయమడుగుదాం, మనమూ న్యాయంగా నిలుద్దాం. అల్లాహ్ మన సంపాదనను హలాల్ చేయుగాక! ఆమీన్.