డాక్టరు చదువు: పేరూ, ఖర్చూ



పిల్లల చదువుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము, దుకాణం వాళ్ళం. కనుక లెక్కే చెబుతాం.

2022లో మా అమ్మాయికి కన్వీనరు కోటాలో శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటు వచ్చింది. గుంటూరు నుంచి రాత్రంతా రైలు. ఆడపిల్లను అంత దూరమా అని ఇంట్లో ఒకటే గోల. ఆ వారమే ఒక పేరున్న ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంటు సీటు ఉందని కబురు. "రేపు సంబంధాలు చూసేటప్పుడు చెప్పుకోవడానికి బాగుంటుంది" అన్నారు మా బావగారు. దాచడం ఎందుకు, మా మనసులోనూ అదే ఉంది.

రాత్రి కాయితం తీసి కూర్చున్నాం. ఆ సీటు ఫీజు ఏడాదికి 10 లక్షల పైమాటే. చదువు నాలుగున్నర సంవత్సరాలు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. హాస్టలు వేరు. మొత్తం అరకోటి దాటింది. అంటే ఇల్లు అమ్మాలి. సర్కారు కాలేజీ ఫీజు వేలల్లో పోతుంది. పోనీ తెగించి అమ్మేశామే అనుకోండి, ఎం.డి. చేయాలంటే మళ్ళీ నీట్-పీజీ రాయవలసిందే. ఎంబీబీఎస్ ఏ కాలేజీలో చదివావని ఆ పరీక్షలో ఒక్క మార్కూ కలపరు. అప్పటికి మా చేతిలో పైసా ఉండదు, వెనక తమ్ముడు ఇంటర్‌కు వచ్చి ఉంటాడు.

రెండు చోట్లకూ వెళ్ళి చూశాం. ప్రైవేటు ఆస్పత్రిలో మంచాలు తళతళలాడుతున్నాయి గానీ పడుకున్నవాళ్ళు పలచన. శ్రీకాకుళంలో ఓ.పి. దగ్గర నిలబడే చోటు లేదు. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళు గోడవారగా కూర్చుని ఉన్నారు. "అబ్బాజాన్, నేను నేర్చుకోవలసింది వీళ్ళ దగ్గరే కదా" అంది అమ్మాయి. మా కాయితం కన్నా ఆ మాటే తేల్చేసింది.

ప్రైవేటు కాలేజీలన్నీ పనికిరావని మా ఉద్దేశం కాదు. కన్వీనరు కోటాలో వస్తే నిరభ్యంతరంగా చేరవచ్చు. చవకని విదేశాలకు పంపేవారు మాత్రం 2021 నిబంధనలు చదివించుకోండి: 54 నెలల చదువు, అక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, తిరిగొచ్చాక పరీక్ష, మళ్ళీ ఇక్కడ ఏడాది. 2022లో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుంచి పిల్లలు సగం చదువుతో ఇళ్ళకు చేరడం చూశాం కదా.

ఇంకొక సంగతి. 2007 నాటి 4 శాతం బి.సి.-ఇ రిజర్వేషన్‌లో షేక్‌లు ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వారు లేరు. అర్హత ఉన్నవారు ఆ సర్టిఫికెట్టు కౌన్సెలింగు నాటికి కాకుండా ముందే తీసుకుని పెట్టుకోండి.

అమ్మాయి అక్కడ బాగానే చదువుతోంది. ఎక్కడ చదువుతోందని ఎవరైనా అడిగితే మా బావగారు మాత్రం ఇప్పటికీ "వైజాగు వైపు" అనే చెబుతున్నారు.