ఎక్కడ ఆపామో గుర్తుండాలి



చంద్రపూర్ షిఫ్టుల ఊరు. ఇక్కడి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. దాని కంట్రోల్ రూమ్‌లో పగలూ రాత్రీ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. చుట్టూ ఉన్న బొగ్గు గనుల్లోనూ అంతే. అటు బల్లార్షా స్టేషన్‌లో నాగపూర్ రైల్వే డివిజన్ ముగిసి సికింద్రాబాద్ వైపు దారి మొదలవుతుంది. ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుంటేనే ఈ ఊరు నడుస్తుంది. ఏకాగ్రత గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు దొరకదు. ఎందుకంటే ఏకాగ్రతలో అసలు చిక్కు పని ఆగిపోవడంలో లేదు, ఆగిన పనిని తిరిగి అందుకోవడంలో ఉంది.

ఏకాగ్రత అనగానే చెదరని చూపు, కదలని ఆసనం గుర్తొస్తాయి. అది మునులకు చెల్లుతుంది. పిల్లల ఫీజులు, గ్యాస్ సిలిండర్ బుకింగ్, వాట్సాప్ గ్రూపులు, పై అధికారి ఫోన్లు, వీటన్నిటి మధ్య పనిచేసే గృహస్థుకు ఆ దారి అందదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు ఆఫీసు ఉద్యోగుల వెంటే ఉండి, స్టాప్‌వాచీ పట్టుకుని వారి చూపును కొలిచారు. 2004లో ఒక తెర మీద దృష్టి సగటున రెండున్నర నిమిషాలు నిలిచింది. ఇటీవలి సంవత్సరాల కొలతల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఇంకో సంగతి ఆమె గమనించారు. అంతరాయాల్లో సగానికి దగ్గరగా బయటినుంచి వచ్చినవి కావు. ఎవరూ పిలవకుండానే మనిషి తనంతట తానే పని వదిలి వేరేదానిలోకి వెళ్తున్నాడు.

వెళ్లినా, మొత్తంగా వెళ్లడు. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు కొందరికి పదాల పజిల్ ఇచ్చి, కొందరిని పూర్తికాకముందే ఆపించి, ఉద్యోగ దరఖాస్తులు పరిశీలించమన్నారు. పజిల్ సగంలో వదిలినవారి మనసు అందులోనే చిక్కుకుని ఉండిపోయింది. దరఖాస్తుల పని దెబ్బతింది. వంట మధ్యలో ఫోన్ తీసి, మాట పూర్తయ్యేలోపు పోపు మాడ్చుకున్న ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలుసు.

మరి మార్గం? తెలుగువారి దగ్గర ఒక పాత ప్రయోగశాల ఉంది. అదే అష్టావధానం.

వేదిక మీద ఒక్క అవధాని, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతూ నిషేధాలు పెడతారు. మరొకరు ఎప్పుడు పడితే అప్పుడు గంట కొడతారు, ఎన్ని కొట్టారో చివర చెప్పాలి. వీళ్లందరి మధ్య అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు కూర్చుంటాడు. అతని పనే దృష్టి మళ్లించడం. ‘మీ ఆవిడ ఈ రోజు ఏం వండింది?’ లాంటి ప్రశ్న వేసి సభను నవ్విస్తాడు. అవధాని విసుక్కోడు, చెవులు మూసుకోడు. నవ్వుతూ జవాబిచ్చి పద్యంలోకి తిరిగి వస్తాడు.

ఎలా రాగలుగుతాడు? ఇక్కడే ఈ కళ నిర్మాణం చూడాలి. అవధాని ఒక పద్యాన్ని ఏకబిగిన పూర్తిచేయడు. మొదటి ఆవృత్తిలో పద్యం అడిగిన ఒక్కో పృచ్ఛకుడికీ ఒక్కో పాదం చెబుతాడు, రెండో ఆవృత్తిలో రెండో పాదం, అలా నాలుగు. అంటే ప్రతి పద్యమూ మూడుసార్లు ఆగుతుంది. కాని ఎక్కడ పడితే అక్కడ కాదు, పాదం చివరే. ఛందస్సు, ప్రాస ముందే స్థిరపడి ఉంటాయి కనుక తర్వాతి పాదం ఎక్కడ మొదలు కావాలో ఆగేటప్పుడే తేలిపోతుంది. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. పంతొమ్మిదో శతాబ్దం చివర తిరుపతి వేంకట కవులు దీన్ని ఊరూరికీ, సంస్థానాలకూ తీసుకెళ్లి, వంద మంది పృచ్ఛకులతో శతావధానాలు చేసి చూపించారు. ఆ ధారణాశక్తి అసాధారణం. కాని పనిని పాదాలుగా విడగొట్టడం, పాదం పూర్తయ్యాకే ఆగడం ఎవరైనా నేర్చుకోగలిగిందే.

గనిలో, విద్యుత్ కేంద్రంలో ఇదే సూత్రానికి షిఫ్టు రిజిస్టరు అని పేరు. ఏ యంత్రం నడుస్తోంది, ఏది మరమ్మతులో ఉంది, ఏ వాల్వు తాకకూడదు అన్నది దిగేవారు రాస్తారు, ఎక్కేవారు చదువుతారు. ఆ మాట అందకపోతే ఏమవుతుందో 1988 జులై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద తేలింది. పగటి షిఫ్టు ఒక పంపు భద్రతా వాల్వు విప్పి, పని ముగించలేక దిగిపోయింది. రాత్రి షిఫ్టుకు ఆ సంగతి తెలియలేదు. పంపు ఆన్ చేశారు, గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు.

ఇంట్లో, ఆఫీసులో దిగేదీ ఎక్కేదీ ఒకే మనిషి. అందుకే రిజిస్టరు అక్కర్లేదనుకుంటాడు. సోఫీ లెరాయ్, థెరిసా గ్లోమ్ కలిసి 2018లో ప్రచురించిన పరిశోధన ఈ అపోహను సరిదిద్దింది. పని మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడు, ఎక్కడిదాకా వచ్చాం, తిరిగొచ్చాక మొదట ఏం చేయాలి అన్నది నిమిషంలో రాసుకున్నవారు వెళ్లిన కొత్త పనినీ మెరుగ్గా చేశారు. పరీక్షలకు చదివే విద్యార్థి పుస్తకం మూసేముందు ‘మూడో లెక్క, రెండో మెట్టు’ అని మార్జిన్‌లో రాస్తే చాలు. దుకాణదారు లెక్క ఆపిన వరస పక్కన పెన్సిల్ గీత పెడితే చాలు. ఇక అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడికిలాగే ఫోన్‌కూ ఒక కుర్చీ, ఒక వంతు ఇవ్వాలి. పనివేళ అది పక్క గదిలో, దాని వంతు ఫలానా గంటకు.

అయితే కొన్ని పనులకు మధ్యలో ఆగే చోటే ఉండదు. సిడ్నీలోని రెండు ఆసుపత్రుల్లో 98 మంది నర్సులు మందులిచ్చే తీరును జొహానా వెస్ట్‌బ్రుక్ బృందం గమనించి 2010లో ఫలితాలు వెల్లడించింది. ఒక్కో అంతరాయానికీ పద్ధతి తప్పే అవకాశం, మందులో పొరపాటు జరిగే అవకాశం పన్నెండు శాతానికి పైగా పెరిగాయి. ఇక్కడ బాధ్యత నర్సు ఒక్కరిదే కాదు, పిలిచేవారిది కూడా.

అందుకే ఈ ఊరివారికి ఒక విన్నపం. నర్సు మాత్రలు లెక్కపెడుతున్నప్పుడు, లారీ డ్రైవరు బండి వెనక్కి తీస్తున్నప్పుడు, క్యాషియరు నోట్లు లెక్కిస్తున్నప్పుడు ఆ పని అయ్యేదాకా ఆగి పలకరించండి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే భోజనానికి ఎన్నింటికి పిలుస్తారో ముందే చెప్పి, ఆ వేళకే పిలవండి. నైట్ షిఫ్టుకు బయలుదేరే మనిషికి ఇంటి కబుర్లన్నీ గుమ్మం దగ్గర చెప్పకుండా, కాగితం మీద రాసి టిఫిన్ డబ్బా పక్కన పెట్టండి. తీరిక దొరికినప్పుడు చదువుకుంటారు.