ఆకాశం నుంచి మన చెరువు

 

శ్రీహరికోటలో రాకెట్టు ఎగరడం మీరు టీవీలో చూసే ఉంటారు. 2022 నుంచి శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది. ఆ రాకెట్టుకూ మన నీళ్ల బిందెకూ ఏం సంబంధం? ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

రాకెట్టు ఉపగ్రహాన్ని మోసుకుపోయి ఆకాశంలో వదులుతుంది. కొన్ని ఉపగ్రహాల పని భూమిని చూడడమే. అట్లాంటి ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహాన్ని మన దేశం 1988లో సోవియట్ రాకెట్టు మీద పంపింది. 1994లో మన రాకెట్టే శ్రీహరికోట నుంచి ఇంకొకదాన్ని మోసుకుపోయింది. 2016లో పోయిన రిసోర్స్‌శాట్-2ఏ తిరిగే ఎత్తు సుమారు 800 కిలోమీటర్లు.

అంత ఎత్తు నుంచి ఏం తెలుస్తుంది? మీరు గట్టు మీద నిలబడి, రంగు చూసి, పైరు ఎండిందో లేదో చెప్తారు గదా! ఇదీ అంతే. తాకకుండా, దూరం నుంచి చూసి తెలుసుకోవడం. దీన్ని రిమోట్ సెన్సింగ్ అంటారు. ఈ పటాలు తయారుచేసే జాతీయ కేంద్రం హైదరాబాదులో ఉంది.

ఈ పటాల్లో ఒక వింత ఉంది. పచ్చని చెట్లు ఎర్రగా కనిపిస్తాయి! ఆకుల మీద పడిన వెలుగులో మన కంటికి కనిపించని వెలుగు కూడా ఉంటుంది. ఉపగ్రహం దాన్ని చూస్తుంది. ఆ వెలుగుకు పటంలో ఎర్ర రంగు వేస్తారు. లోతు నీళ్లు నల్లగా కనిపిస్తాయి.

పాత పటం, కొత్త పటం పక్కపక్కన పెడితే మార్పు తెలుస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 1991లో 32 లక్షల మందికి పైగా ఉండేవాళ్లం. 2011కి 41 లక్షలు దాటినాం. జనం పెరిగితే ఇళ్లు పెరుగుతాయి. తిరుపతి చుట్టుపక్కల ఒకప్పుడు చేన్లు ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు, రోడ్లు ఉన్నాయి. వంకను పూడ్చి ఇల్లు కడితే చెరువుకు నీళ్లు ఎట్లా వస్తాయి?

నీళ్ల దారి మూస్తే కరువులోనూ కష్టమే, వానల్లోనూ కష్టమే. 2021 నవంబరు వానలు గుర్తున్నాయా? తిరుపతి వీధుల్లో వరద పారింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు.

మొన్న మన చెరువు పటాన్ని ఇక్కడ చూపించాను. చెరువంతా ఎర్రగా ఉంది. "లోపల పైరు పెట్టినట్టుంది" అన్నాను. వెనక కూర్చున్న అవ్వ నవ్వింది. "పైరు గాదమ్మా, సర్కారు తుమ్మ! చెరువంతా కంపే గదా!" అంది.

చెట్లున్నాయని పటం చెప్పింది. ఏ చెట్లో అవ్వ చెప్పింది. పటాలు తయారుచేసేవాళ్లు కూడా నేల మీదికి వచ్చి సరిచూసుకుంటారు.

పటంలో ఇంటి కప్పు కనిపిస్తుంది. కప్పు కింద ఎంతమంది ఉన్నారో కనిపించదు. అందుకే జనాభా లెక్కలకు మనుషులు గడప గడపకూ వస్తారు. ఆ ఇంటికి నీళ్లు ఎవరు మోస్తున్నారో, ఎంత దూరం నుంచి మోస్తున్నారో ఏ పటంలోనూ లేదు. అది మనమే చెప్పాలి.

ఇస్రో వాళ్ల 'భువన్' పటాలు 2009 నుంచి అందరూ చూడవచ్చు. సెల్‌ఫోను ఉన్న పిల్లల్ని అడిగితే చూపిస్తారు. చెరువు హద్దు మాత్రం రెవెన్యూ వాళ్ల గ్రామ పటంలో ఉంటుంది. రెండూ పక్కన పెట్టుకుని చూద్దాం. తర్వాత గ్రామసభకు పోదాం. కంప ఎప్పుడు కొట్టిస్తారని అడుగుదాం. వంక ఎక్కడ పూడిందో చూపిద్దాం.

అక్షరం చదవడం నేర్చుకున్నాం. పటం చదవడం కూడా నేర్చుకుందాం.

ఆలోచించండి, చెప్పండి:
1. మీ చిన్నప్పుడు మన చెరువు నీళ్లు ఎంతవరకు నిలిచేవి?
2. వంక ఎక్కడెక్కడ పూడిపోయింది?
3. మన ఊరి పటం మీరే గీస్తే అందులో ఏమేం పెడతారు?