జర్మనీ ఓ పేర్ వీసా: ఏజెంట్లు చెప్పని రూల్స్

"అన్నా, జర్మనీలో పిల్లల్ని చూసుకునే జాబ్ అంట, డిగ్రీ అక్కర్లేదంట, ఏజెంట్ చెప్పాడు, నిజమేనా?" అని చాలామంది అడుగుతున్నారు. ఓ పేర్ అనే వీసా ఉంది, అది నిజం. జాబ్ అన్నదే అబద్ధం.

అక్కడి చట్టం దృష్టిలో ఓ పేర్ అంటే ఒక జర్మన్ కుటుంబంతో ఉండి, భాష నేర్చుకుంటూ, పిల్లల పనిలో సాయం చేసే యువత. అప్లై చేసేటప్పటికి 18 నిండి ఉండాలి, 27 నిండకూడదు. జర్మన్ ఏ1 లెవెల్ రావాలి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అని ఎవరైనా అంటే, అక్కడితో ఫోన్ పెట్టేయండి. ఈ వీసా ఇక్కడి నుంచే తీసుకుని వెళ్లాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. నెలకి 280 యూరోలు. అది జీతం కాదు, పాకెట్ మనీ. భాష కోర్సుకి కుటుంబం నెలకి 70 యూరోల దాకా ఇవ్వాలి. సొంత గది, భోజనం, ఇన్సూరెన్స్ కూడా వాళ్లదే. ఫ్లైట్ టికెట్ మాత్రం మామూలుగా మనదే. ఏడాది మొత్తం పాకెట్ మనీ కలిపితే 3360 యూరోలు. మీ ఏజెంట్ అడుగుతున్న లక్షల్ని దీని పక్కన పెట్టి చూడండి. అప్పు చేసి వెళ్తే, ఖర్చు పెట్టకుండా దాచినా ఆ అప్పు తీరుతుందా? పక్కన ఇంకో పార్ట్‌టైమ్ చేద్దామంటే ఈ వీసా మీద కుదరదు.

ఇంకోటి, ఇది మనవాళ్లకి బాగా తగిలే రూల్. "ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అక్కావాళ్లు ఉన్నారు, పాపని చూసుకోవడానికి నన్ను ఓ పేర్‌గా పిలుస్తారు" అంటారు కదా, అది కుదరదు. బంధువులు అసలు పిలవకూడదు. బంధువులు కాని తెలుగువాళ్లయినా చిక్కే. ఇంట్లో కనీసం ఒక పెద్దమనిషికి జర్మన్ మాతృభాష అయి ఉండాలి. అలా లేకుండా జర్మన్‌లోనే మాట్లాడుకునే ఇల్లయితే, వాళ్లూ మీరూ ఒకే దేశం నుంచి వచ్చినవాళ్లు కాకూడదు. ఇంట్లో పప్పుచారు, తెలుగు సీరియల్ ఉంటే ఇంక జర్మన్ ఎక్కడ వస్తుంది చెప్పండి!

పని రోజుకి 6 గంటలు, వారానికి 30 దాటకూడదు. రాత్రి బేబీ సిట్టింగ్ కూడా ఈ లెక్కలోనే. వారానికి ఒకటిన్నర రోజు సెలవు. అమెరికా ఓ పేర్ వీడియోల్లో వారానికి 45 గంటలు అని వింటారు, అది వేరే దేశం, వేరే వీసా, కలపకండి.

కనీసం 6 నెలలు, ఎక్కువలో ఎక్కువ ఏడాది, అదీ జీవితంలో ఒక్కసారే. కుటుంబం సరిగ్గా చూడకపోతే ఆఫీసుకి చెప్పి మారొచ్చు, కానీ మొత్తం కలిపి ఏడాదే. ఆ తర్వాత ఆటోమేటిక్‌గా పీఆర్ ఏమీ రాదు. అక్కడే ఆస్‌బిల్డుంగ్ చేయాలంటే దానికి వేరే పర్మిట్, వేరే అర్హతలు, ఇంకా ఎక్కువ జర్మన్ కావాలి.

కాంట్రాక్ట్ చేతికొచ్చాక సంతకానికి ముందే గంటలు, గది, సెలవు, 280... ఈ నాలుగూ రాసి ఉన్నాయో లేదో చూడండి. కుటుంబంతో వీడియో కాల్ మీరే మాట్లాడండి, ఏజెంట్‌ని పక్కన కూర్చోబెట్టుకోకుండా. వచ్చే ఎపిసోడ్‌లో ఏ1 పరీక్షకి ఎలా చదవాలో చూద్దాం. ఉంటాను, బై.