ఇడ్లీ స్టాండు లాంటి డీఎన్ఏ: నాలుగు పేటల కథ

పామిడిముక్కల నుంచి మాట్లాడుతున్నాను. డీఎన్ఏ అనగానే మీకు ఏ బొమ్మ గుర్తొస్తుంది? మెలితిరిగిన నిచ్చెన, అంతేగా? రెండు పేటలు. 1953లో వాట్సన్, క్రిక్ చెప్పింది అదే, మనం పుస్తకంలో చదివిందీ అదే. కానీ మన ఒంట్లోనే కొన్నిచోట్ల డీఎన్ఏ నాలుగు పేటలుగా ముడుచుకుంటుంది. దాని పేరు జీ-క్వాడ్రుప్లెక్స్.

ఎలా ముడుచుకుంటుందో చూద్దాం. డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అని నాలుగు అక్షరాలు. జీ అంటే గ్వానిన్. మామూలుగా ఇది సీతో జత కడుతుంది. కానీ జీలు వరసగా ఎక్కువ ఉన్నచోట నాలుగు జీలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని చదరంగా కూర్చోగలవు.

మీ ఇంట్లో ఇడ్లీ స్టాండు గుర్తుతెచ్చుకోండి. ఒక్కో రేకుకి నాలుగు గుంటలు, రేకు మీద రేకు, మధ్యలో కడ్డీ. అచ్చం ఇంతే! ఒక్కో గుంటలో ఒక జీ. ఒకే డీఎన్ఏ పోగు మూడుసార్లు మడత పడినా ఈ ఆకారం వచ్చేస్తుంది.

మరి మధ్యలో కడ్డీ ఏంటి? పొటాషియం! ప్రతి జీ నుంచి ఒక ఆక్సిజన్ లోపలి వైపు చూస్తుంటుంది. వాటన్నిటికీ కాస్త రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ధనావేశం ఉన్న పొటాషియం అయాన్ రెండు రేకుల మధ్య కూర్చుని, పైన నాలుగు, కింద నాలుగు, మొత్తం ఎనిమిది ఆక్సిజన్లను పట్టి ఉంచుతుంది.

మన రైతులు చేలో వేసే పొటాష్‌లో ఉండేది ఈ పొటాషియమే. దివిసీమ వైపు చేలను పాడుచేసే ఉప్పులో ఉండేది సోడియం. రెండూ రసాయన శాస్త్రంలో దగ్గరి చుట్టాలే. కానీ సోడియంతో ఈ కట్టడం అంత గట్టిగా నిలవదు. సోడియం తన చుట్టూ ఉన్న నీటిని గట్టిగా పట్టుకుంటుంది, అది వదిలితేగానీ లోపలికి రాలేదు. లిథియంతో అయితే అసలు పట్టే ఉండదు. మన కణాల లోపల సోడియం కన్నా పొటాషియం దాదాపు పది రెట్లు ఎక్కువ. అంటే ఈ కట్టడానికి కావాల్సిన సరుకు అక్కడ సిద్ధంగా ఉంది.

రేకులు పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. మధ్యలో మడతలు మరీ పొడుగైతే తగ్గుతుంది. ఆర్ఎన్ఏలో అయితే ఈ ఆకారం సాధారణంగా డీఎన్ఏ కన్నా గట్టిగా ఉంటుంది. దాని చక్కెరలో అదనంగా ఉన్న ఒక ఓహెచ్ గుంపు ఇంకొన్ని బంధాలు కలుపుతుంది.

1962లో గెల్లర్ట్, లిప్‌సెట్, డేవీస్ ఈ నాలుగు జీల చదరాన్ని చెప్పారు. అది మనిషి కణంలో కూడా ఉందని 2013లో కేంబ్రిడ్జ్‌లో, చెన్నైలో పుట్టిన శంకర్ బాలసుబ్రమణియన్ బృందం చూపించింది. యాభై ఏళ్లు పట్టింది!

ఇది ఎక్కడ పనికొస్తుంది? మన క్రోమోజోముల చివర్లను టెలోమియర్లు అంటారు. అక్కడ టీటీఏజీజీజీ అనే మాట వేలసార్లు వస్తుంది. మూడు జీలు, అంటే మూడు రేకులు. చాలా క్యాన్సర్ కణాలు టెలోమరేజ్ అనే ఎంజైముతో ఈ చివర్లను పొడిగించుకుంటూ చావకుండా బతుకుతాయి. చివర ముడుచుకుని ఉంటే ఆ ఎంజైముకి పట్టు దొరకదు. అందుకే ఈ ముడిని బిగించే మందుల కోసం వెతుకుతున్నారు. సీఎక్స్-5461 అనేది మనుషుల మీద ట్రయల్స్ దాకా వచ్చింది.

కానీ ముడి విప్పడమూ అంతే ముఖ్యం. విప్పకపోతే డీఎన్ఏ కాపీ ఆగిపోతుంది, తెగిపోతుంది కూడా. విప్పే పని హెలికేజ్‌లది. అలాంటి ఒకటి, ఫాంక్‌జే, పాడైతే ఫాంకోని అనీమియా అనే జబ్బు వస్తుంది. హెలికేజ్‌లకు ఇంధనం ఏటీపీ. ఆ ఏటీపీని 1929లో ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నది ఎవరో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు!

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఈ ముడులు మంచి కణాల్లోనూ ఉంటాయి. మందుకి అసలు కష్టం అక్కడే. కాబట్టి "టెలోమియర్లు పెంచే పొడి, వయసు తగ్గించే క్యాప్సూల్" అని ఎవరైనా అమ్మితే డబ్బు పోసుకోకండి. పొటాషియం మంచిదంటగా అని మాత్రలూ మింగకండి. కణంలో దాని లెక్క ఒళ్లే చూసుకుంటుంది. కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లకి రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. ఇంట్లో అలాంటివాళ్లుంటే ఈ మాట తప్పక చెప్పండి.

డౌట్లుంటే కామెంట్లో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి!