ఒక్క మెతుకు చాలని చోట

ప్రయోగశాలలకు, పరిశ్రమలకు బయలుదేరుతున్న యువ పట్టభద్రుల ముందు ఒక కొలత పద్ధతి గురించి మాట్లాడుకోవడం సబబు. దాని పొట్టి పేరు లిబ్స్. పదార్థం మీద లేజర్‌తో ప్లాస్మా పుట్టించి, ఆ వెలుగును విప్పి అందులోని మూలకాలను పట్టుకునే విద్య అది.

వెలుగులో మూలకాల జాడ వెతకడం తెలుగు నేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు పెట్టుకుని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పాగ్సన్ చూశాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. సూర్యుడికి సొంత వెలుగుంది కనుక దూరం నుంచి చూసినా సరిపోయింది. రాయికి అది లేదు. దాన్ని వెలిగించాలి.

ఆ పని లేజర్ చేసింది. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను పనిచేయించాడు. రెండేళ్లకు, 1962లో, ఫ్రెడ్ బ్రెక్, లీ క్రాస్ రూబీ లేజర్‌తో పదార్థాన్ని ఆవిరి చేసి విశ్లేషించవచ్చని ప్రకటించారు. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొద్ది భాగాల సేపే లేజర్ తాకుతుంది. కంటికి ఆననంత పదార్థం లేచి, పదివేల డిగ్రీలకు అటూ ఇటుగా వేడెక్కి ప్లాస్మా అవుతుంది. ఆ మెరుపును వెంటనే చూసి లాభం లేదు, తెల్లటి వెలుగు అన్నిటినీ కప్పేస్తుంది. మామూలు గాలిలో అయితే దాదాపు ఒక మైక్రోసెకను ఆగాలి. ప్లాస్మా చల్లారుతున్నకొద్దీ వర్ణపటంలో మూలకాల గీతలు తేలతాయి: సోడియంది 589 నానోమీటర్ల దగ్గర పసుపు, హైడ్రోజన్‌ది 656 దగ్గర ఎరుపు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. గిన్నెలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి గనుక ఆ లెక్క చెల్లుతుంది. కరీంనగర్ టాన్‌బ్రౌన్ గ్రానైట్ పలక దగ్గర చెల్లదు. గోధుమరంగు ఫెల్డ్‌స్పార్, నల్లటి ఖనిజాలు, మధ్యమధ్య బూడిదరంగు క్వార్ట్జ్ అందులో పక్కపక్కనే ఉంటాయి. లేజర్ పడే చోటు మిల్లీమీటరులో సగం కూడా ఉండకపోవచ్చు. ఫెల్డ్‌స్పార్ మీద పడితే పొటాషియం, అల్యూమినియం గీతలు ఎగసి కనిపిస్తాయి. కాస్త పక్కకు జరిగి నల్లటి గింజను తాకితే ఇనుము, మెగ్నీషియం పలుకుతాయి. క్వార్ట్జ్ మీద పడితే సిలికాన్, ఆక్సిజన్ తప్ప దాదాపు ఏమీ ఉండదు. మూడూ నిజమైన కొలతలే. ఏ ఒక్కటీ ఆ పలక మొత్తం కూర్పు మాత్రం కాదు.

దీనికి తోడు, ఒకే మూలకం ఒకే మోతాదులో ఉన్నా చుట్టూ ఉన్న పదార్థాన్ని బట్టి దాని గీత బలం మారిపోతుంది. అందుకే కూర్పు ముందే తెలిసిన నమూనాలతో పరికరాన్ని సరిచూసుకోవాలి. అంగారకుడి మీద తిరిగే క్యూరియాసిటీ రోవర్‌లోని కెమ్‌క్యామ్ కోసం శాస్త్రవేత్తలు తొలుత 66 నమూనాలను వాడారు. చాలలేదు. ఆ సంఖ్యను 408కి పెంచారు. పరికరం కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండగా భూమ్మీద కూర్చుని ఇంత చాకిరీ చేసినవాళ్లకు చేతులెత్తి నమస్కరించాలి.

ఆ కెమ్‌క్యామ్ 2012 ఆగస్టు 19న కరోనేషన్ అని పేరు పెట్టిన పిడికిలంత రాయిని తొలిసారి కొట్టింది. పది సెకన్లలో 30 షాట్లు, అన్నీ ఒకే చోట. మొదటి షాట్‌లో కనిపించిన హైడ్రోజన్ ఆ తర్వాత కనిపించలేదు. అంటే అది రాయిలోది కాదు, పైపొరలోది. అందుకే ఆ బృందం సాధారణంగా మొదటి అయిదు షాట్లను ధూళి ఖాతాలో వేసి పక్కన పెడుతుంది. ఒకే చోట లోతుకు వెళ్లినా పదార్థం మారుతుందని తొలి పరీక్షే తేల్చింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు అంగారకుడి మీదే ఎల్లోనైఫ్ బే దగ్గర ఇంకా గొప్ప సంగతి బయటపడింది. మట్టిరాయిలో కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున తెల్లటి గీరలు ఉన్నాయి. లేజర్ బిందువు చిన్నది కావడం అక్కడ వరమైంది. గీర మీద పడ్డ షాట్లలో కాల్షియం, గంధకం తేలాయి, పక్క రాయి కూర్పు పూర్తిగా వేరు. అవి కాల్షియం సల్ఫేట్ గీరలు, ఒకప్పుడు పగుళ్లలో నీరు పారిన ఆనవాళ్లు. అదే రాయిని నూరి సగటు తీసి ఉంటే కాల్షియం కాస్త ఎక్కువున్న రాయి అని రాసుకుని ముందుకు సాగిపోయేవారు. ఇలాంటి గీరల్లోనే తర్వాత బోరాన్ కూడా కనిపించింది.

ఒక కొలతను మరో పద్ధతితో సరిచూసుకోవడానికి మన చంద్రయాన్-3 మంచి ఉదాహరణ. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. దాని రోవర్ ప్రజ్ఞాన్‌లోని లిబ్స్ పరికరాన్ని బెంగళూరులోని ఇస్రో విభాగం లియోస్ తయారుచేసింది. చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతపు నేలలో ఆ పరికరం గంధకాన్ని పట్టింది. ఆ వెంటనే, వేరే సూత్రం మీద పనిచేసే ఎక్స్-రే పరికరం కూడా గంధకం ఉందని చెప్పింది. ఒక కొలతను నమ్మడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లిబ్స్ పద్ధతితో పేలుడు పదార్థాలను గుర్తించే పరిశోధనలు చేశారు. అక్కడా చిక్కు ఇదే: ఉపరితలం మీద చెదిరిన రేణువులు లేజర్ పడ్డచోట ఉండవచ్చు, ఉండకపోవచ్చు.

పట్టభద్రులకు ఒక విన్నపం. రేపు మీ సంతకంతో వెళ్లే నివేదిక మట్టిదైనా, ఉక్కుదైనా, బొగ్గుదైనా, సగటు పక్కన ఎన్ని చోట్ల కొలిచారో, ఆ కొలతల మధ్య తేడా ఎంతో తప్పకుండా రాయండి. మిగతావాటితో కలవని కొలత ఒకటి వస్తే, దాన్ని కొట్టేసే ముందు అదే చోటుకు వెళ్లి మరోసారి కొలవండి.